నాటిన మొక్కని అందరూ లెక్కపెడతారు, బతికిన చెట్టుని ఎవరు లెక్కపెడతారు?

ఈ రోజు ఎపిసోడ్ నా పాత ఫొటో ఒకటి చూపించి స్టార్ట్ చేస్తా. వీడియో చూడకుండా ఈ టెక్స్ట్ చదువుతున్నవాళ్ల కోసం ఫొటోలో ఏముందో చెప్తా. టీషర్ట్ మీద కంపెనీ లోగో, చేతిలో జానెడు వేప మొక్క, మొహంలో భూమిని నేనొక్కడినే కాపాడేస్తున్నానన్న ఫీలింగ్. అది నేనే. 2019 జులై, నా మొదటి ఉద్యోగం. హైదరాబాద్ శివార్లలో ఒక చెరువు కట్ట పక్కన మా ఆఫీసు వాళ్లం నాలుగు వందల మొక్కలు నాటాం. బస్సులో తీసుకెళ్లారు, టోపీలు ఇచ్చారు, సమోసాలు పెట్టారు. సాయంత్రానికి స్టేటస్ పెట్టేసుకున్నాం. లైకులు బాగానే వచ్చాయి.

రెండేళ్ల తర్వాత బైక్ మీద అటే వెళ్తుంటే గుర్తొచ్చి ఆగాను. నా వేప మొక్క లేదు. దాని పక్కది లేదు. ఓపిక చేసుకుని ఆ వరసలన్నీ తిరిగి లెక్కపెట్టా. ముప్పై ఒకటి ఉన్నాయి. ఇంకో విషయం చూశాక నాకు నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. మేము తవ్విన గుంతల్లోనే కొత్త మొక్కలు ఉన్నాయి, పక్కన ఇంకో కంపెనీ బ్యానర్ ఉంది. అవే గుంతలు, మళ్లీ మొక్కలు, మళ్లీ ఫొటోలు. మా లెక్కలో నాలుగు వందలు, వాళ్ల లెక్కలో ఎన్నో. రెండూ కలిపితే కాగితం మీద అక్కడ ఒక చిన్న అడవి ఉండాలి. నేల మీద ఏముందో ఇప్పుడే చెప్పా.

ఈ రోజు టాపిక్ ఇదే. మన ప్రభుత్వాలు చెట్ల విషయంలో రెండు కౌంటర్లు పెట్టుకున్నాయి. ఒకటి నాటే కౌంటర్, ఇంకోటి నరికే కౌంటర్. మొదటి దాంట్లో పండగ, రెండో దాంట్లో పర్మిషన్. మొక్క చెట్టుగా మారే ఇరవై, ముప్పై ఏళ్లు మాత్రం ఈ రెండు కౌంటర్ల మధ్యలో ఉన్నాయి. అక్కడ ఎవరూ కూర్చోలేదు.

ముందు నాటే కౌంటర్ దగ్గరికి వెళ్దాం.

తెలంగాణలో హరితహారం అందరికీ తెలుసు. 2015 జులై 3న చిలుకూరులో మొదలైంది. టార్గెట్ 230 కోట్ల మొక్కలు. రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి తీసుకెళ్లాలని ప్లాన్. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో వనం-మనం వచ్చింది, 2020లో జగనన్న పచ్చతోరణం వచ్చింది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేర్లు మారతాయి, నాటడం మాత్రం ఆగదు. అసలు వనమహోత్సవం 1950 నుంచే ఉంది. అంటే మన తాతలు నాటారు, నాన్నలు నాటారు, మనం నాటుతున్నాం.

మరి ఆ 33 శాతం ఎక్కడిది? ఎవరో గాల్లోంచి తీసిన నంబర్ కాదు. 1988 జాతీయ అటవీ విధానంలో ఉంది. దేశం మొత్తం భూమిలో మూడో వంతు అడవో చెట్లో ఉండాలి, కొండ ప్రాంతాల్లో అయితే మూడింట రెండొంతులు ఉండాలి అని రాశారు. ఇప్పుడెంత ఉంది? ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2023 రిపోర్ట్ ప్రకారం అడవి 21.76 శాతం, దాని బయట చెట్లు 3.41 శాతం. మొత్తం 25.17.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆ రిపోర్టులో "అడవి" అంటే ఏంటో తెలుసా? ఒక హెక్టారు, అంటే దాదాపు రెండున్నర ఎకరాలు, అంతకంటే పెద్ద జాగా అయ్యుండాలి. పైనుంచి చూస్తే అందులో కనీసం పది శాతం మీద చెట్ల నీడ ఉండాలి. అంతే. భూమి ఎవరిది, ఏ చెట్టు, ఎందుకు పెంచారు అన్నది అడగరు. మామిడి తోట కూడా లెక్కలోకి వస్తుంది. వెదురు, తాటి వనం కూడా వస్తాయి. కవ్వాల్‌లో పులి తిరిగే అడవీ, ఎవరిదో మామిడి తోటా ఒకే గంపలో పడతాయి. నేను రిపోర్టుని తప్పు పట్టట్లేదు. శాటిలైట్ పైనుంచి పచ్చదనం చూస్తుంది, అది చేయగలిగింది అది చేస్తోంది. ఆ ఒక్క నంబర్ పట్టుకుని "మా హయాంలో అడవి పెరిగింది" అని మైకుల్లో చెప్పడం దగ్గరే నా గొడవ.

నేను కోడింగ్ చేసినన్నాళ్లూ ఒక విషయం చూశా. టీమ్‌లో ఎవరెన్ని లైన్లు రాశారు అని లెక్కపెట్టడం మొదలుపెడితే, పది లైన్ల పనికి వంద లైన్లు వస్తాయి. దేన్ని లెక్కపెడితే అది పెరుగుతుంది. నాటిన మొక్కల్ని లెక్కపెడితే నాటిన మొక్కలే పెరుగుతాయి. చెట్లు పెరగాలని రూలేం లేదు కదా!

దీనికి మంచి ఉదాహరణ కోనోకార్పస్. ఈ పేరు తెలియకపోయినా చెట్టుని మీరు కచ్చితంగా చూసే ఉంటారు. రోడ్ డివైడర్ల మీద, అపార్ట్‌మెంట్ గోడల వెంట, ముదురాకుపచ్చ రంగులో గుబురుగా ఉంటుంది. ఇది మన నేల చెట్టు కాదు. పశువులు పెద్దగా ముట్టవు, నీళ్లు తక్కువైనా తట్టుకుంటుంది, గబగబా పెరుగుతుంది. టార్గెట్ నెత్తిన పెట్టుకున్న ఆఫీసర్‌కి ఇంకేం కావాలి? ఊళ్లకి ఊళ్లు నింపేశారు. తర్వాత వేర్లు పైపుల్లోకి పోతున్నాయని, పుప్పొడితో ఎలర్జీలు వస్తున్నాయని కంప్లైంట్లు మొదలయ్యాయి. తెలంగాణలో నర్సరీల్లో పెంచొద్దన్నారు, గుజరాత్ 2023లో బ్యాన్ చేసింది. మొదట డబ్బు పెట్టి నాటారు, ఇప్పుడు డబ్బు పెట్టి పీకుతున్నారు. ఆ అధికారులకి తెలివిలేక కాదు. వాళ్లని అడిగిన ప్రశ్న అలాంటిది. "ఎన్ని బతికించావు, ఏవి బతికించావు" అని కాకుండా "ఎన్ని నాటావు" అని అడిగారు.

అయితే మంచి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. ఈ లెక్కని మార్చే ప్రయత్నం మన దగ్గరే జరిగింది. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టంలో ప్రతి గ్రామ పంచాయతీకి నర్సరీ ఉండాలన్నారు. నాటిన వాటిలో 85 శాతం బతకాలన్నారు, ఆ బాధ్యత సర్పంచ్ మీద, కార్యదర్శి మీద పెట్టారు. పంచాయతీ బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికే అన్నారు. గమనించారా? అక్కడ "నాటాలి" అన్న మాట పక్కన "బతకాలి" అన్న మాట చేరింది. మా ఊళ్లోనే తేడా కనిపించింది. ఎండాకాలం ట్రాక్టర్ ట్యాంకర్‌తో రోడ్డు పక్క మొక్కలకి నీళ్లు పోయడం, మేకలు తినకుండా కంప కట్టడం నేను చిన్నప్పుడు ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు ఆ రోడ్డు మీద మధ్యాహ్నం నడిస్తే నీడ ఉంది. సర్పంచ్‌ల మీద ఒత్తిడి పెరిగింది, బిల్లులు రాలేదని గొడవలూ అయ్యాయి. అదంతా నిజమే. కానీ రాసిన ప్రశ్న సరైనది కాబట్టి కొంతైనా సరైన జవాబు వచ్చింది.

ఇంకో విషయం. హరితహారం 230 కోట్లలో 100 కోట్లు అడవి లోపలివి. అందులో ఎక్కువ భాగం కొత్తగా నాటడం కాదు. నరికేసిన అడవిలో మోడులు, వేర్లు భూమిలో బతికే ఉంటాయి. పశువుల్ని, మంటల్ని, గొడ్డళ్లని కొన్నేళ్లు ఆపితే చాలు, అవే చిగురిస్తాయి. అంటే అడవికి మనం చేయగలిగే పెద్ద సాయం చాలాసార్లు దాని జోలికి పోకపోవడమే. కానీ దానికి బ్యానర్ కట్టలేం, రిబ్బన్ కట్ చేయలేం, సమోసాలు పంచలేం. అందుకే ఎవరికీ కనిపించదు.

కంచ గచ్చిబౌలి గుర్తుందా? యూనివర్సిటీ పక్కన 400 ఎకరాలు. ఆ భూమి ఎవరిదన్న వాదన వేరే, ఇప్పుడు దాంట్లోకి వెళ్లను. అక్కడి రాళ్లు, కుంటలు, చెట్లు, జింకలు, నెమళ్లు ఏ స్కీమ్‌లోనూ నాటినవి కావు. వదిలేస్తే వచ్చినవి. 2025లో బుల్డోజర్లు దిగాయి, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంది. ఒక పక్క వానాకాలం రాగానే కోట్లలో మొక్కల టార్గెట్, ఇంకో పక్క దానంతటదే పెరిగినదాని మీదకి బుల్డోజర్. ఎందుకంటే ఎవరూ నాటలేదు కాబట్టి అది ఎవరి లెక్కలోనూ లేదు.

సరే, చట్టం ప్రకారం అడవి పోతే ఏం చేస్తారు? గనికో, డ్యామ్‌కో, రోడ్డుకో అటవీ భూమి తీసుకుంటే బదులుగా ఇంకో చోట మొక్కలు పెంచాలి. మామూలుగా ఎంత అడవి పోతే అంత వేరే భూమి ఇవ్వాలి, పెంచడానికి డబ్బు కట్టాలి, పోయిన అడవి విలువ కూడా లెక్కగట్టి కట్టాలి. ఈ డబ్బు నిధినే కంపా అంటారు. దీనికి 2016లో చట్టం చేశారు. 2019 ఆగస్టులో ఈ నిధి నుంచి 27 రాష్ట్రాలకి 47,436 కోట్ల రూపాయలు పంపారు. చిన్న మొత్తం కాదు. కానీ ఆలోచించండి. వందేళ్ల ఇప్పచెట్టు ఒక జిల్లాలో పోతుంది. దాని బదులు మొక్క ఇంకో జిల్లాలో మొలుస్తుంది. ఇప్పపువ్వు ఏరుకుని బతికే ఆ గూడెం ఆడవాళ్లు మాత్రం ఆ మొక్క వెనకాల ఆ జిల్లాకి వెళ్లలేరు కదా. కాగితం మీద ఎకరానికి ఎకరం సరిపోతుంది, జీవితంలో సరిపోదు.

ఇప్పుడు రెండో కౌంటర్. నరికే కౌంటర్. ఇది మా ఇంటి కథ.

మాది నిర్మల్ జిల్లా. టేకుకి పేరున్న ప్రాంతం. 1994లో మా అక్క పుట్టింది. ఆ వానాకాలమే మా బాపు చేను గట్టు మీద టేకు స్టంపులు పెట్టాడు. పద్నాలుగు చెట్లు నిలబడ్డాయి. "ఇవి బిడ్డ పెండ్లికి" అనేవాడు. మేం పెరిగాం, అవీ పెరిగాయి. ఎండాకాలం ఆ పెద్ద పెద్ద ఆకులు రాలితే తొక్కుకుంటూ ఆడుకునేవాళ్లం. చిన్నప్పుడు మా ఇంట్లో బ్యాంకు అకౌంట్ లేదు గానీ, గట్టు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉండేది.

2021లో అక్క పెళ్లి కుదిరింది. బాపు చెట్లు అమ్మాలనుకున్నాడు. మన పొలంలో మనం పెట్టిన చెట్టు అయినా సరే, టేకు లాంటివి నరకాలంటే అనుమతి కావాలి. దీనికి వాల్టా అని చట్టం ఉంది, 2002ది. పూర్తి పేరు నీరు, భూమి, చెట్ల చట్టం. కొట్టిన కలపని ఊరు దాటించాలంటే మళ్లీ రవాణా పర్మిట్ వేరే. బాపు పాస్‌బుక్ జిరాక్స్ పట్టుకుని వెళ్లాడు. ఒక ఆఫీసులో సర్వే నక్ష తెమ్మన్నారు. అది తెస్తే, అడవి హద్దు దగ్గర కాబట్టి ఇంకో ఆఫీసు వాళ్లు కూడా వచ్చి చూడాలన్నారు. వాళ్లు ఖాళీగా ఉన్నప్పుడు వీళ్లు ఉండరు. నాలుగు నెలలు తిరిగాడు. లంచం అడిగారని నేను అనట్లేదు, ఎవరూ అడగలేదు. ఎవరూ పని కూడా చేయలేదు.

ఒక రాత్రి ఫోన్ చేసి బాపు అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తు. "బిడ్డా, నాటినప్పుడు ఎవ్వలు అడగలే. నీళ్లు పోసినప్పుడు ఎవ్వలు రాలే. ఇప్పుడు కొడ్తనంటే అందరు అడుగుతున్నరు."

పెళ్లి ఇంకా మూడు వారాలు ఉందనగా కలప వ్యాపారి ఒకాయన వచ్చాడు. "కాగితాల సంగతి నేను చూసుకుంటా, నువ్వు ఊ అను చాలు" అన్నాడు. ఊళ్లో లెక్కన మూడు లక్షలకి తగ్గదనుకున్న కర్ర. ఆయన ఇచ్చింది లక్షా పది వేలు. బాపు ఊ అన్నాడు. మిగతాది అప్పు చేశాం. నేను ఈఎంఐలు కట్టి తీర్చా.

నష్టం అక్కడితో ఆగలేదు. ఇదంతా మా పక్క చేను కాక చూస్తూనే ఉన్నాడు. ఆయన గట్టు మీద కూడా టేకు మొలకలు ఉండేవి, నడుం ఎత్తుకి వచ్చాయి. ఆ ఎండాకాలం ఆయన అన్నీ పీకేశాడు. "మీ బాపు తిప్పలు చూసినంక నాకెందుకయా ఈ పంచాయితీ" అన్నాడు. ఏ రిపోర్టులో వస్తాయి ఆ మొలకలు? ఎవరూ నాటలేదు, ఎవరూ నరకలేదు. రెండు కౌంటర్లలోనూ లేవు. ఒక ఊళ్లో ఒక కాక ఇలా చేస్తే పోనీ అనుకోవచ్చు. గట్టు ఉన్న ప్రతి ఊళ్లో ఇలాంటి కాక ఒకాయన ఉంటాడు.

ఇప్పుడు మీలో కొంతమంది కామెంట్ టైప్ చేస్తూ ఉంటారు, "అయితే పర్మిషన్లన్నీ ఎత్తేయాలా బ్రో?" అని. వద్దు. నేను అది అనట్లేదు. అడవి టేకుకీ, పొలం టేకుకీ కట్ చేశాక తేడా తెలియదు. కాగితం లేకపోతే రిజర్వ్ ఫారెస్ట్‌లో కొట్టిన దుంగ కూడా "మా గట్టుది" అయిపోతుంది. శేషాచలంలో ఎర్రచందనం చూడండి. ప్రపంచంలో సహజంగా పెరిగేది మన తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. స్మగ్లింగ్ ఎంతవరకు పోయిందో మనకి తెలుసు, మనుషుల ప్రాణాలు కూడా పోయాయి. కాబట్టి ఎక్కడి కర్రో చెప్పే కాగితం ఉండాల్సిందే. సమస్య ఆ కాగితం ఎప్పుడు అడుగుతున్నారన్నది. ముప్పై ఏళ్ల తర్వాత, గొడ్డలి ఎత్తినప్పుడు అడిగితే రైతు దగ్గర ఏం రుజువు ఉంటుంది? అదే నాటిన రోజు రాసి ఉంటే?

రూల్ మారిస్తే ఏమవుతుందో చూడటానికి వెదురు కథ ఉంది. వెదురు శాస్త్రం ప్రకారం గడ్డి జాతి. కానీ 1927 అటవీ చట్టం దాన్ని చెట్టు అని రాసింది. తొంభై ఏళ్లు మన దేశంలో గడ్డి కోయడానికి చెట్టు రూల్స్ పెట్టారన్నమాట. 2017లో చట్టం మార్చి, అడవి బయట పెంచిన వెదురుని చెట్ల లిస్టులోంచి తీసేశారు. అలాగే నీలగిరి, సుబాబుల్, సరుగుడు లాంటి వాటికి మన దగ్గర రూల్స్ బాగా తేలిక. అందుకే రైతులు వాటిని ఎకరాలకి ఎకరాలు వేస్తారు. అమ్ముకోగలను అన్న నమ్మకం ఉంటే రైతుకి ఎవరూ "మొక్క నాటు" అని స్లోగన్ చెప్పక్కర్లేదు. రూల్ తేలికగా ఉన్నచోట చెట్టు పెరుగుతుంది. మన వేప, టేకు, నల్లమద్ది లాంటి వాటికి ఆ నమ్మకం లేదు.

ఈ మధ్య ఒక అడుగు పడింది. 2025 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ పొలాల్లో చెట్లు కొట్టడం మీద రాష్ట్రాలకి మోడల్ రూల్స్ పంపింది. రైతు నాటిన చెట్లని ముందే ఒక పోర్టల్‌లో రిజిస్టర్ చేయాలి. భూమి వివరాలు, ఏ చెట్టు, ఎన్ని, లొకేషన్‌తో సహా ఫొటోలు పెట్టాలి. కొట్టేటప్పుడు చెట్లు పదికి మించి ఉంటే వచ్చి చూస్తారు, తక్కువైతే ఫొటోలు అప్‌లోడ్ చేస్తే చాలు. ఐడియా బాగుంది. కానీ ఇవి మోడల్ రూల్స్ మాత్రమే. రాష్ట్రాలు తీసుకుంటేనే పనిచేస్తాయి. పోర్టల్ ఉంది కదా అని పని అయిపోదు. సర్వర్ డౌన్ అంటే ఏంటో మీకు నేను చెప్పాలా? మా బాపు లాంటి వాళ్లు ఫొటో ఎలా అప్‌లోడ్ చేస్తారో కూడా ఎవరో ఒకరు ఆలోచించాలి.

నేను అడిగేది మూడే.

ఒకటి, నాటిన సంఖ్య చెప్పే ప్రతి బోర్డు మీద మూడేళ్ల తర్వాత బతికిన సంఖ్య కూడా రాయండి. అది రాయలేకపోతే మొదటి సంఖ్య కూడా తీసేయండి.

రెండు, నాటిన రోజు రాసిన రికార్డే కొట్టే రోజు లైసెన్స్ కావాలి. అప్లై చేశాక ఇన్ని రోజుల్లో జవాబు రాకపోతే అనుమతి ఇచ్చినట్టే అని ఉండాలి. అప్పుడు రైతుని వ్యాపారి బెదిరించలేడు.

మూడు, ఉన్నదాన్ని ముందు కాపాడండి. మోడు చిగురిస్తుంటే దాని పక్కన కొత్త గుంత తవ్వక్కర్లేదు.

మరి మనం ఏం చేయాలి? సింపుల్. మీ ఫోన్‌లో మొక్క నాటిన ఫొటో ఉంటుంది కదా, మనందరికీ ఉంటుంది. దాని లొకేషన్ చూసి ఈ ఆదివారం అక్కడికి వెళ్లండి. ఉందా, లేదా? అదే చోట ఇంకో ఫొటో తీసి రెండూ పక్కపక్కన పెట్టండి. ఊళ్లో ఉంటే గ్రామసభలో అడగండి, "పోయినేడు నాటినవి ఎన్ని బతికాయి?" అని. జవాబు ఇవ్వకపోతే ఆర్టీఐ ఉంది. పది రూపాయల ఫీజు. గ్రామ పంచాయతీకైతే అది కూడా అక్కర్లేదు.

చివరిగా మా గట్టు సంగతి. టేకుని నేల దగ్గరికి కొట్టినా చావదు, మోడు నుంచి చిగురు వేస్తుంది. మా పద్నాలుగు మోళ్లలో తొమ్మిది చిగురించాయి. ఇప్పుడు నాకంటే ఎత్తున్నాయి. మొన్న పండక్కి వెళ్తే బాపు అడిగాడు, "ఉంచుదామా, పీకుదామా? నువ్వు చెప్పు" అని. అక్కకి పాప పుట్టింది, మూడేళ్లు. నేను ఫోన్ తీసి లొకేషన్ ఆన్ చేసి తొమ్మిదింటికీ ఫొటోలు తీశా. తేదీ, సర్వే నంబర్ రాసి పెట్టా. "ఉంచుదాం బాపూ" అన్నా. ఇంకో ఇరవై ఐదేళ్లకి ఆ ఫొటోలు ఏ ఆఫీసులో అయినా పనికొస్తాయో లేదో నాకు తెలియదు. అది మా ఒక్క ఇంటి చేతిలో లేదు.

పక్క చేను కాక కూడా అటే నిలబడి చూస్తున్నాడు. "ఏం తీస్తున్నవ్ రా?" అన్నాడు. చెప్పా. ఏం మాట్లాడలేదు. కానీ వెళ్తూ వెళ్తూ తన గట్టు మీద ఒక టేకు మొలక దగ్గర ఆగాడు. పీకలేదు.

ఇదీ ఈ వారం ఎపిసోడ్. మీ ఇంట్లో, మీ ఊళ్లో చెట్టు కొట్టడానికి పర్మిషన్ కోసం తిరిగిన అనుభవం ఉంటే కామెంట్లో రాయండి. ఆఫీసర్ల పేర్లు మాత్రం వద్దు, ఎన్ని రోజులు పట్టిందో రాయండి చాలు. అన్నీ కలిపి ఇంకో ఎపిసోడ్ చేద్దాం. మళ్లీ కలుద్దాం, ఉంటాను.